ఇంట్లో సీసం కరిగించి గాలపు బరువులు పోసుకోవచ్చా?

ప్రశ్న: చెన్నై తండయార్‌పేటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాను. ఆదివారాల్లో ఎన్నూరు దగ్గర, వీలైనప్పుడు కోవళంలో గాలం వేస్తాను. రాళ్ళ మధ్య చిక్కుకొని సీసపు బరువులు తరచూ తెగిపోతున్నాయి, కొనలేకపోతున్నాను. ఇంట్లో పాడైన ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి, పాత కేబుళ్ళ మీది సీసపు తొడుగు కొంత ఉన్నాయి. బాల్కనీలో గ్యాస్ స్టవ్ పెట్టి, వాడకం మానేసిన అల్యూమినియం గిన్నెలో సీసం కరిగించి అచ్చుల్లో పోసుకుందామనుకుంటున్నాను. ఇంట్లో నా భార్య, నాలుగేళ్ళ పాప ఉంటారు. మీంజూరు దగ్గర ఒక మిత్రుడికి ఖాళీ స్థలం ఉంది కాని అంత దూరం వెళ్ళడం అవసరమా? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి? పోసిన బరువులను దారానికి ఎక్కించడంలో సాయం చేస్తానని పాప అడుగుతోంది, ఫరవాలేదా?
— ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మొదలుపెట్టకముందే అడిగినందుకు సంతోషం. మీరు అడిగినవాటిలో రెండింటికి వెంటనే జవాబు చెప్పవచ్చు. బ్యాటరీని విప్పవద్దు. బాల్కనీలో సీసం కరిగించవద్దు. కేబుళ్ళ మీది సీసాన్ని మాత్రం, మీంజూరులోని మిత్రుడి స్థలంలో, కింద చెప్పబోయే ఏర్పాట్లన్నీ చేసుకోగలిగితే, కరిగించి పోసుకోవచ్చు. ఆ ఏర్పాట్లలో ఏ ఒక్కటి కుదరకపోయినా తయారైన బరువులు కొనుక్కోవడమే మేలు.

బ్యాటరీ సంగతి ముందు ముగిద్దాం. అందులో ఉండేది శుభ్రమైన సీసపు దిమ్మ కాదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానిన పలకలు, వాటికి పట్టిన సీసపు సల్ఫేటు, ఆక్సైడుల మెత్తని ముద్ద ఉంటాయి. ఆ ముద్ద ఆరితే పొడి అవుతుంది, పొడి గాలిలోకి లేస్తుంది. పలకల్లో ఆంటిమొనీ, కొద్దిపాటి ఆర్సెనిక్, కొన్ని రకాల్లో కాల్షియం కలిసి ఉంటాయి. అటువంటి సీసాన్ని కరిగించినప్పుడు పైకి తేలే తెట్టుకు తరువాత తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే అతి విషపూరిత వాయువులు పుట్టే ప్రమాదం ఉంది. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని తియారోయ్ సుర్ మేర్ అనే పేటలో జనం పాత బ్యాటరీల సీసాన్ని, ఆ సీసం కలిసిన మట్టిని ఇళ్ళ మధ్యనే జల్లించి అమ్ముకునేవారు. అక్కడ 2007 నవంబరుకూ 2008 మార్చికీ మధ్య 18 మంది పిల్లలు మరణించారు. మన దేశంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడిన బ్యాటరీని చెత్తతో కలపకుండా, సేకరించేవారికో గుర్తింపు పొందిన రీసైక్లింగ్ సంస్థకో అప్పగించే బాధ్యత వినియోగదారుడిదే. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు దుకాణంవారు పాతదానికి ఎంతో కొంత తగ్గిస్తారు. ఆ తగ్గింపు సొమ్ముతోనే మీకు చాలాకాలం సరిపడే బరువులు కొనుక్కోవచ్చు.

ఇక అసలు విషయం. సీసం కరిగిస్తానని ఎవరైనా అనగానే పెద్దలు ‘చెయ్యి కాల్చుకోకు’ అంటారు. ఆ భయం సబబైనదే, కాని ఆ ప్రమాదం కంటికి కనబడుతుంది కనుక మనిషి తనంతట తానే జాగ్రత్త పడతాడు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కంటికి కనబడని ధూళి. కరిగిన సీసం పైభాగం గాలి తగిలి క్షణక్షణమూ ఆక్సైడుగా మారుతూ ఉంటుంది. బూడిదలా, పసుపు పొడిలా ఏర్పడే ఆ తెట్టును గరిటెతో తీసి పక్కన పడేసినప్పుడు అందులోని సన్నని పొడి చేతులకు, చొక్కాకు, జుట్టుకు, చెప్పులకు అంటుకుంటుంది. సీసాన్ని ఎంత తక్కువ వేడి మీద కరిగించినా ఈ పొడి తప్పదు. దానికి వాసన లేదు, ముక్కులో దురద పెట్టదు, దగ్గు రప్పించదు. పని ముగించి ఇంట్లోకి నడిచి వచ్చిన మనిషి వెంట అది నేల మీదికి, సోఫా మీదికి, పాప ఆడుకునే చాప మీదికి చేరుతుంది. నాలుగేళ్ళ పిల్లలు నేల మీద దోగాడి, చేతులు నోట్లో పెట్టుకునే వయసు దాటి ఎంతోకాలం కాదు. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది సుమారు పదోవంతయితే పసిపిల్లల ఒంటికి సగం దాకా పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో అది మరింత ఎక్కువ. అలా చేరిన సీసం ఎదుగుతున్న మెదడు మీద పనిచేసి తెలివితేటలను, ఏకాగ్రతను తగ్గిస్తుంది. జరిగిన నష్టాన్ని తిరిగి పూడ్చే మందు లేదు. ఏ మోతాదు వరకు ప్రమాదం లేదు అనే ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాధానం ఒక్కటే: ఫలానా మోతాదు సురక్షితమని చెప్పగలిగే హద్దు లేదు.

మీరు బాల్కనీ గురించి అడిగినప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. చెన్నైలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ గాలి మీ బాల్కనీలోని పొగను, పొడిని గదుల్లోకి తోస్తుంది, లేదా పక్కింటి కిటికీలోకి, అక్కడ ఆరేసిన బట్టల మీదికి మోసుకుపోతుంది. బాల్కనీ కాకపోతే డాబా మీద చేద్దామని మీకు తోచవచ్చు. అక్కడ మూతలు సరిగా లేని నీళ్ళ ట్యాంకులు ఉంటాయి, వేసవిలో వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్ళు ఉంటారు. మీ సరదా కోసం ఆ ఇళ్ళవాళ్ళెవరూ ముప్పు భరించాలని మీరు కోరుకోరని నాకు తెలుసు. కనుక మీంజూరు ప్రయాణం అవసరమే. అక్కడైనా బావికి, చేతిపంపుకు, పశువులు మేసే గడ్డికి, కూరగాయల మడికి దూరంగా ఉన్న చోటు చూడండి. పైన కప్పు ఉండి నాలుగు వైపులా గాలి ఆడే పాక దొరికితే అంతకంటె కావలసింది లేదు. గాలి మీ వీపు వైపు నుంచి వీచి పొగను ముందుకు తీసుకుపోయేలా నిలబడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో ఈ పని తలపెట్టవద్దు. నెలనెలా కొంచెం కొంచెం పోసుకోవడం కంటె ఏడాదికి ఒకటి రెండుసార్లు ఎక్కువ మొత్తంలో పోసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే మీ ఒంటికి పొడి తగిలే సందర్భాలు ఆ మేరకు తగ్గుతాయి.

కేబుల్ తొడుగును కరిగించేముందు దాని లోపలి నూనె కాగితం, తారు, గోనె పీచు, ప్లాస్టిక్ అన్నీ పూర్తిగా తీసివేయాలి. వాటిని గిన్నెలో మంటకు వదిలేస్తే వచ్చే పొగ సీసపు పొగకు తోడవుతుంది. ముక్కలను రంపంతో కోయవద్దు, రంపపు పొట్టు కూడా సీసపు ధూళే. రేకులు కత్తిరించే కత్తెరతో కత్తిరించండి. ఎక్కడిదో తెలియని పాత లోహపు ముక్కలు, ముఖ్యంగా రంగు పూసినవి, కలపవద్దు. అందులో జింకు ఉంటే అది 419 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. ఒకసారి కలిసిందంటే సీసం గంజిలా చిక్కబడి అచ్చు నిండదు, దాన్ని కరిగించాలని మీరు మంట పెంచుతారు, అప్పుడు పొగ పెరుగుతుంది.

అల్యూమినియం గిన్నె పనికిరాదు. సీసం 327 డిగ్రీల వద్ద కరిగితే అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది కదా, మధ్యలో చాలా ఎడం ఉంది కదా అనిపించవచ్చు. కాని గ్యాస్ మంట వేడి ఆ రెండింటికంటె ఎంతో ఎక్కువ. పలుచని అల్యూమినియం అడుగు కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది, కిలోల కొద్దీ బరువు మోస్తూ మెత్తబడిన గిన్నె చేతిలో ఉండగా వంగిపోతుంది. ఒక లీటరు పాత్ర నిండా సీసం పోస్తే 11 కిలోలకు పైగా తూగుతుందని గుర్తుంచుకోండి. మందపాటి పోత ఇనుప మూకుడు గాని, అతుకులు లేని దళసరి స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర గాని వాడండి. దాని పిడికి రివెట్లు ఉండాలి, మాటు వేసి అతికించినదైతే వేడికి ఊడిపోతుంది. జింకు పూత ఉన్న బకెట్లు, డబ్బాలు వద్దు. ఒకసారి సీసానికి వాడిన పాత్ర, గరిటె, పటకారు మరెప్పుడూ వంటింట్లో అడుగుపెట్టకూడదు. వాటికి ఎర్ర రంగు పట్టీ వేసి మీంజూరులోనే ఉంచేయండి. పొయ్యి కూడా ఇంటిది కాకుండా వేరేది, వెడల్పైన కాళ్ళతో నేలకు ఆనుకొని కదలకుండా ఉండేది కావాలి.

వేడిని అంచనాకు వదిలేయకుండా, థర్మోకపుల్ (వేడిని కొలిచే లోహపు తీగల జత) ఉన్న థర్మామీటరు ఒకటి కొనండి. చెన్నైలోని పారీస్ కార్నర్ ప్రాంతపు పరికరాల దుకాణాల్లో అడిగి చూడండి. 380 నుంచి 420 డిగ్రీల మధ్య గాలపు బరువులు చక్కగా పోయవచ్చు. 500 దాటినకొద్దీ సీసపు పొగ బాగా పెరుగుతుంది, చిన్న పాత్రను పెద్ద మంట మీద పెట్టి అటు తిరిగితే ఆ హద్దు దాటడం కష్టం కాదు. తెట్టు తీసిన వెంటనే అద్దంలా మెరవవలసిన సీసం పైకి క్షణాల్లో పసుపు, ఊదా, నీలి రంగులు తేలుతున్నాయంటే మంట ఎక్కువైనట్టు. మంట తగ్గించి ఆగండి. మైనపు ముక్క వేసి కలిపితే తెట్టు విడిపోతుందన్న మాట నిజమే. అయితే ఆ మైనం భగ్గున అంటుకుంటుంది కనుక శనగగింజంత ముక్క చాలు, ముఖం వంచి చూడకూడదు.

ఇప్పుడు నీటి సంగతి. కాలిన నూనెలో ఒక్క నీటి చుక్క పడితే ఎలా చిటపటలాడుతుందో ప్రతి ఇంట్లోనూ చూస్తూనే ఉంటాం. సీసం ఆ నూనెకంటె ఎంతో వేడిగా, ఎంతో బరువుగా ఉంటుంది. దాని అడుగున చిక్కిన చుక్క క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది, పైనున్న సీసాన్నంతా ఒక్కసారిగా మనిషి మీదికి చిమ్ముతుంది. పైన పడిన నీటికంటె సీసం లోపలికి పోయిన తడి ఎక్కువ ప్రమాదకరం. ఈ విషయంలో చేపలు పట్టేవాళ్ళకు ప్రత్యేకమైన ముప్పు ఒకటి ఉంది. సముద్రంలో వాడిన పాత బరువులను తిరిగి కరిగించేటప్పుడు, వాటి కంతల్లో, కొక్కెం చుట్టూ ఉన్న పగుళ్ళలో ఉప్పునీరు దాగి ఉంటుంది. పైకి పొడిగా కనబడే బరువును కరిగిన సీసంలోకి నేరుగా వేస్తే అది పేలవచ్చు. అందుకని ఎప్పుడైనా ముక్కలన్నీ చల్లని పాత్రలో ముందే వేసి, ఆ తరువాతే పొయ్యి వెలిగించండి. మధ్యలో కలపవలసి వస్తే మంట ఆర్పి సీసం గట్టిపడనిచ్చి, దాని మీద కొత్త ముక్కలు పెట్టి మళ్ళీ వెలిగించండి. ఆలస్యమవుతుంది, అయినా ఈ పద్ధతే పాటించండి. చెన్నై గాలిలోని తేమ తెల్లవారుజామున లోహపు అచ్చుల మీద కంటికి కనబడని పొరలా పట్టి ఉంటుంది కనుక అచ్చును, గరిటెను కూడా మంట పక్కన బాగా వేడెక్కించిన తరువాతే వాడాలి. తడి ఇసుకలోను, ఆరీ ఆరని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులోను పోయడం చాలా ప్రమాదం. కాంక్రీటు గచ్చు మీద ఒలికినా అందులోని చెమ్మ ఆవిరై గచ్చు పెచ్చులు లేచి చిమ్ముతాయి, కాబట్టి పొయ్యి కింద, అచ్చు కింద వెడల్పైన ఇనుప రేకు పళ్ళెంలో ఎండిన ఇసుక పరచండి. చెమట చుక్క కూడా నీరే, నుదుటికి గుడ్డ కట్టుకోండి.

అచ్చు విషయంలో రెండు భాగాలుగా తెరుచుకునే అల్యూమినియం అచ్చు కొనడమే నా సలహా. వేడెక్కించాక దాని లోపలి భాగాన్ని కొవ్వొత్తి మసికి చూపిస్తే సీసం అంటుకోకుండా బాగా నిండుతుంది. మొదటి రెండు మూడు బరువులు ముడతలు పడి వస్తే అచ్చు ఇంకా చల్లగా ఉందని అర్థం, వాటిని పక్కన పెట్టి చివర కరిగించుకోండి. పాత్రను ఎత్తి వంచి పోయకుండా చిన్న గరిటెతో, ఆగకుండా సన్నని ధారగా పోయండి.

ఒంటి మీద దళసరి నూలు చొక్కా, పొడుగు చేతులు, మడమలు దాటే తోలు బూట్లు, వాటి పైకి జారిన ప్యాంటు ఉండాలి. ప్యాంటును బూట్లలోకి దోపితే ఒలికిన సీసం లోపలికి దిగుతుంది. లుంగీ, హవాయి చెప్పులు, పాలిస్టరు బట్టలు అసలే వద్దు. ముఖమంతా కప్పే పారదర్శకపు కవచం, వదులైన తోలు చేతితొడుగులు, సన్నని ధూళిని కూడా ఆపే పి100 రకం ఫిల్టర్లు ఉండి ముక్కును, నోటిని కప్పే సగం ముఖపు రెస్పిరేటరు తప్పనిసరి. ఆస్పత్రుల్లో పెట్టుకునే పలుచని మాస్కు ఇక్కడ ఎందుకూ కొరగాదు, గడ్డం ఉంటే రెస్పిరేటరు కూడా చర్మానికి ఆనక పొడి లోపలికి పోతుంది. పని మధ్యలో టీ, బీడీ, తాంబూలం ఏవీ ముట్టవద్దు. మిత్రుణ్ణి తోడుగా ఉంచుకోండి, అతను కూడా పొగకు ఎదురుగా నిలబడకూడదు. సీసం ఒంటి మీద పడితే లాగి పీకకుండా, కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీటి ధార పోసి ఆస్పత్రికి వెళ్ళాలి. కంటికి తగిలితే నీటితో కడుగుతూనే బయలుదేరాలి. ఆ నీళ్ళ బకెట్టు పొయ్యికి పది అడుగుల దూరంలో ఉండాలి. పాత్రకు ఏదైనా జరిగితే గ్యాస్ కట్టేసి ఎండిన ఇసుక మాత్రమే చల్లాలి.

పని ముగిశాక చేసేది ముందు చేసినదంత ముఖ్యం. చీపురు పట్టవద్దు, ఊడిస్తే అడుగున ఉన్న పొడి గాలిలోకి లేస్తుంది. అంతా చల్లారాక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను, తెట్టును, రాలిన ముక్కలను మూత గట్టిగా బిగిసే ఇనుప డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి. ఆ తెట్టును చెత్తబుట్టలో గాని కాలవలో గాని పారేయవద్దు. సీసం తీసుకునే అనుమతి పొందిన రీసైక్లింగ్ సంస్థల వివరాలు గిండీలోని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలిని అడిగి తెలుసుకోవచ్చు. బూట్లు, బట్టలు అక్కడే విప్పి సంచిలో కట్టి, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కొని, వేరే బట్టలు కట్టుకొని రైలెక్కండి. ఇంటికి చేరగానే ముందు తలస్నానం చేసి, ఆ తరువాతే పాపను ఎత్తుకోండి. పని బట్టలను ఇంటివాళ్ళ బట్టలతో కలిపి ఉతకవద్దు.

మీరు ఇప్పటికే ఆ తొడుగును ఇంట్లో కోసి ఉంటే, లేదా ఇకపై ఏటా ఈ పని చేయదలిస్తే, మీకూ పాపకూ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. చేతి సిర నుంచి తీసిన రక్తంతో పెద్ద ల్యాబుల్లో చేస్తారు. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడ నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అమెరికా ఆరోగ్యశాఖ పిల్లల విషయంలో 2021 నుంచి 3.5నే హద్దుగా తీసుకుంటోంది. లక్షణాలు కనబడలేదు కదా అని ఊరుకోవద్దు. పెద్దల్లో కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం వచ్చేసరికి మోతాదు చాలా పెరిగి ఉంటుంది, పిల్లల్లో పైకి ఏమీ కనబడకపోవచ్చు. విషం దించే మందులంటూ ఎవరైనా చెప్పినవి సొంతంగా వాడవద్దు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో ప్రొఫెసర్ తుప్పిల్ వెంకటేశ్ ఆధ్వర్యంలో సీసపు విషప్రభావంపై ఎంతో పని జరిగింది కనుక దక్షిణాది వైద్యులకు ఈ విషయం కొత్త కాదు, మీ పిల్లల డాక్టరుతో సంకోచం లేకుండా మాట్లాడండి. మీ భార్య గర్భవతి అయినా, ఆ ఆలోచనలో ఉన్నా, ఈ పని పూర్తిగా మానుకోండి. సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి నిలిచి ఉండి గర్భధారణ సమయంలో తిరిగి రక్తంలోకి దిగుతుంది, మాయను దాటి బిడ్డకు చేరుతుంది.

ఇదంతా చదివాక అంత శ్రమ ఎందుకనిపిస్తే ఆ ఆలోచన సరైనదే. రాళ్ళలో తెగిపోయే బరువు సీసమే కానక్కర్లేదు. ఇనుప నట్లు, బోల్టులు పాత ఇనుము దుకాణంలో చౌకగా దొరుకుతాయి. అదే తూకానికి సీసంకంటె పరిమాణం సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, విసురు కొద్దిగా తగ్గుతుంది, అంతే. అసలు దారం కంటె బలం తక్కువైన దారంతో నట్టును కట్టి వేలాడదీస్తే అది రాయిలో చిక్కుకున్నప్పుడు ఆ చిన్న దారం మాత్రమే తెగుతుంది, గాలమూ, దానికి పడిన పండుగప్పా మీ చేతికి వస్తాయి. ఇసుక తీరంలో దూరం విసరవలసిన చోటికి మాత్రం సీసం దాచుకోండి. చిన్నచిన్న సీసపు గుళ్ళు మాత్రం ఎక్కడా వాడకండి. గులకరాళ్ళనుకొని బాతులు, హంసలు మింగి చనిపోతున్నాయని బ్రిటన్ 1987లోనే 28 గ్రాముల లోపు సీసపు బరువుల్లో చాలావాటిని నిషేధించింది. మనకు పులికాట్, పళ్ళికరణై రెండూ పక్కనే ఉన్నాయి, అక్కడికి దిగే పక్షులు కూడా ఆ బురదలోనే మేత వెతుక్కుంటాయి.

చివరగా పాప సాయం గురించి. గట్టిపడిన బరువును ముట్టుకున్నా వేళ్ళకు బూడిద రంగు మరక అంటుతుంది, ఆ మరక సీసమే. కనుక బరువులను ఎక్కించే పని మీరే చేయండి, చిన్న గుళ్ళను పళ్ళతో నొక్కే అలవాటు ఉంటే మానండి, బరువుల పెట్టెకు తాళం వేసి పైఅరలో ఉంచండి. పాపకు చక్రానికి దారం చుట్టడం, తేలే బెండ్లకు రంగులు వేయడం నేర్పండి. ఆ దారం కొత్తది కావాలి, రంగు డబ్బా మీద సీసం లేదని రాసి ఉండాలి.